పదకొండు బస్తాలు

మండీ మూసే యాళకి చెంగల్రాయుడొచ్చి
పదకొండు బస్తాల బెల్లం
ఒక్క రాత్రికి బాడుగ్గా కావాలన్నాడు.
తినేదానికి కాదు, అమ్మేదానికీ కాదు,
బరువుకి.
ఇసకైతే తేమ పట్టి అబద్ధం చెబుతాదంట.
బెల్లం పట్టదా అని నేననలేదు,
కూలి ముందే ఇచ్చేసినాడు.

మురకంబట్టు దాటినాక రేకుల షెడ్డు.
లోపల, రెక్కలింకా రాని విమానం.
డిపోలో ముప్పై యేండ్లు గేరుబాక్సులు దించిన చేతులు
రిటైరైనాక కట్టుకుంటా ఉండేది.
దాని ముక్కుకాడ
ముందుకు చాపిన ఇనప గొట్టాలు నాలుగు.
ఇంజన్ కూచునేది ఈడనే అన్నాడు,
యాభై ఎనిమిది కిలోలు.

యాభై ఎనిమిదికి పదకొండు బస్తాలెందుకప్పా?

గాలి కుదిపితే, గట్టిగా మలుపు కొడితే
అదే ఇంజను రెండొందల ఇరవై అయి కూచుంటాదంట.
అది వచ్చే బరువు.
దానిమీద ఇంకో సగం, రాని బరువు.
రానిదాన్ని మోసేదెందుకు నైనా అన్నా.
రానిదానికే కట్టేది అన్నాడు.

ఏడు బస్తాలు, పైన పదికిలోల గుండు.
గొట్టాలు సన్నగా మూలిగినాయి.
అన్నీ దించెయ్ అన్నాడు.
దించితే, గోడమీద పెన్సిలు గీతకాడికి
ముల్లు తిరిగొచ్చి నిలబడింది.
వెంట్రుకంత తేడా లేదు.
బరువు దిగినాక పాత చోటికి రావాల,
అదీ లెక్క, అన్నాడు.

నేను చొక్కా సర్దుకున్నా.
ఇరవై రెండేండ్ల మండీలో
నా ఎడమ భుజం
కుడిదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది.
రాత్రంతా పడుకున్నా పైకి రాదు.
మొదట యాడుండేదో
ఏ గోడమీదా ఎవరూ గీసి పెట్టలేదు.

మళ్ళీ ఎక్కించు, ఈసారి పదకొండూ.
ఇప్పుడు వంగినా పరవాలేదంట, తెగకూడదు.
మూడు సెకన్లు.
వాళ్ళ చెల్లెలి కూతురు హేమావతి, పాలిటెక్నిక్ పిల్ల,
ఫోను చూసి లెక్కపెట్టింది.
ఒకటి.
రెండు.
బస్తాలన్నీ నా మెడమీదే ఉన్నట్టు ఊపిరి బిగబట్టినా.
మూడు.

ఆమీట చక్రాల కాళ్ళు.
జానెడు మీద రెండంగుళాలు ఎత్తి
ఒక్కసారిగా వదిలేసినారు.
షెడ్డు రేకులు అదిరినాయి.
ఎడమ కాలికి, అతుకుకాడ, సన్నటి పగులు.
చెంగల్రాయుడు కోప్పడలేదు.
ఈడనే పగిలింది, నేలమీదనే, అనుకుంటా
సుద్దముక్కతో దానిచుట్టూ సున్నా చుట్టినాడు,
బిడ్డకి దిష్టిచుక్క పెట్టినట్టు.
ఎడమదే. నేనేం మాట్లాడలేదు.

తెల్లారి మండీలో తూకమేస్తే
ఒక బస్తా పావుకిలో తక్కువ.
ఓనరు నా కూల్లో పట్టుకున్నాడు.
చెప్పొద్దామని షెడ్డుకాడికి పోతే
ఎవరూ లేరు.
గొట్టం వెంబడి చీమలు,
ఇంజను లేని చోటికి వరసగా ఎక్కతా ఉన్నాయి,
ఒక్కోటి తనకంటే పెద్ద పలుకు నెత్తినెత్తుకొని.
హేమావతి నోట్సు బల్లమీద తెరిచే ఉంది.
ఆ బరువు అందులో రాసి లేదు.