రెండు మూరల తేడా

హన్మకొండల మా ఆఫీసు డాబా మీద
పుట్టగొడుగంత తెల్ల ఆంటెన్నా ఒకటి.
దాని పక్కన వాచ్‌మన్ భార్య ఎండబోసిన మిరపకాయలు.
రెండింటికీ కావలి నేనే.

మొన్న సూర్యుని మీద ఒక మచ్చ పగిలింది.
దాని వెలుగు ఎనిమిది నిమిషాలల్ల వచ్చి
గోడ మీద పడ్డది. ఎవరూ చూడలె.
వెనక బయలెల్లింది మాత్రం
రెండు రోజుల దారి.
ఆ రెండు రోజులే నా నౌకరి.

మెసేజ్ రాసిన:
"రేపు పొద్దు వాలినంక ఉపగ్రహాల లెక్క తప్పవచ్చు.
సర్వేలు ఆపండి. డ్రోన్లు దించండి."
నూట పద్నాలుగు మందికి పోయింది.
ముగ్గురు దండం బొమ్మ పెట్టిండ్రు,
ఒకాయన శుభోదయం అన్నడు.

తెల్లారి సాయంత్రం, పరకాల అవతలి నుంచి
సర్వేయర్ ఓదెలు:
"సార్, గెట్టు నిలుస్తలేదు.
ఇప్పుడే పాతిన హద్దురాయి
పది నిమిషాలకు పాలోళ్ల చేన్ల ఉన్నదంటున్నది మిషిను.
ఇక్కడ కట్టెలు లేచినయ్."

ఎంత తేడా?

"రెండు మూరలు."

నా తెర మీద గీత
మేడారం బస్సుల నిలబడి పెట్టిన సంతకం లెక్క ఉన్నది.
మూడు వందల కిలోమీటర్ల పైన
అయనావరణం ఉబ్బుతున్నది, చిరుగుతున్నది.
అక్కడ చెల్కల్లేవు, పట్టా బుక్కుల్లేవు,
అయినా గెట్టు పంచాది.

"స్పీకర్ పెట్టు ఓదెలూ" అన్న.
"అయ్యా, రాయి జరగలె. మీ తమ్ముడూ జరపలె.
పైన తుఫాను. ఎల్లుండి పొద్దుగాల కొలవుండ్రి."

సప్పుడు లేదు.
ఎక్కడో బర్రె మెడ గంట.
తర్వాత ఒక ముసలి ఆడగొంతు:
"మబ్బు లేదు, గాలి లేదు, గిదేం తుఫాను బిడ్డా?"
నేను తడుముకుంటుంటె ఆమెనే మళ్ల:
"మా మామ కొలిచిన ఇనుప గొలుసు
దూలానికి ఏలాడుతున్నది.
దానికి గీ రోగం అంటదా?"

అంటదమ్మా.

"మరి గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా!"

రిజిస్టర్ల సమయం రాసిన, తీవ్రత రాసిన.
'ప్రభావం' అన్న గడిల
'రెండు మూరలు. కట్టెలు దించిండ్రు' అని రాసి,
పెద్దసారు ఒప్పడని
రెండో మాట కొట్టేసిన.

రెండు గంటల రాత్రికి గీత సద్దుమణిగింది.
డాబా ఎక్కి చూస్తె
మంచుకు మిరపకాయలన్నీ మెత్తబడ్డయ్.
దాని గురించి
నాకెవరూ మెసేజ్ పెట్టలె.