బియ్యం డబ్బాలో సీసా

బియ్యం తోడినప్పుడల్లా దాని మెడ కనిపించేది,
మళ్ళీ పూడ్చేసేదాన్ని.
రిటైరైన రోజు ఎక్సైజ్ ల్యాబు వాళ్ళు చేతిలో పెట్టింది.
షార్డనే. నాసిక్ ద్రాక్ష.
మీది కాగితంమీద ఏడు చూస్తే పన్నెండేండ్లు నిండాయి.
వరంగల్ ఎండలకు ఎప్పుడో చచ్చి ఉంటుందనుకున్నాను.

ముప్ఫై ఒక్క ఏండ్లు
ఊరూరి కల్లును గాజుగొట్టాల్లో చూశాను.
నాలుకమీద ఒక్క చుక్క పడనివ్వలేదు.

కాజీపేటలో మా డాబామీద చాప పరిచాను.
ధర్మసాగరం బస్సు దిగి బుర్ర కొమురెల్లి వచ్చాడు,
మోకు మోసి మోసి ఒకపక్కకు ఒరిగిన నడుముతో.
తాళ్ళెక్కడం మానేసి ఆరేండ్లైందట.
ఆ సంగతి అరచేతులకింకా తెలియదు.

బెండు సగంలో విరిగింది.
మిగతా సగాన్ని కత్తిమొనతో పసిబిడ్డను లాగినట్టు లాగాడు.
ముందు పిట్టగోడ అవతల మట్టిలోకి రెండు చుక్కలు,
"ఎల్లమ్మ తల్లీ" అన్నాడు,
తర్వాతే స్టీలు గ్లాసుల్లోకి.

ఆముదపు దీపం వెలుగును వడగట్టి పోసినట్టుంది రంగు.
తాగితే మాత్రం
ఫ్రిజ్ చలి, తడిసిన అట్టపెట్టె.
"పోయింది" అన్నాను, రిపోర్టు రాసే గొంతుతోనే.

"ఆగుండ్రి మేడమ్. ఇంక మేల్కోలే అది.
మా కల్లుకైతే ఉరుకుడే.
పొద్దుగాల తీపి, పదింటికి సురుకు,
పగటీలికి పులుపు,
రాత్రైతే దాన్ని కల్లంటరా ఎవలన్న?
దీనికి గంటలు లెక్కలేనట్టున్నై."

బొగ్గు గూడ్సు ఒకటి పోయింది. చాలా పొడుగుది.
చివరి డబ్బా దాటేసరికి
గ్లాసులోంచి ఎండిన ఇప్పపువ్వు వాసన.
ఎక్కడిదో అర్థంకాక వెనక్కి తిరిగి చూశాను.

ఇంకో గుటక.
వెన్న కాచిన గిన్నె అడుగు గోకితే వచ్చే గసి,
దోరగా వేగిన పల్లీ,
తొలివాన తర్వాత గడ్డివాము కింద పుట్టగొడుగు.
పచ్చిమామిడి ఒకప్పుడు ఉండి ఉంటుంది,
ఇప్పుడు దాని టెంక మాత్రమే.
వీటన్నిటి అడుగున పులుపు,
దారప్పోగంత సన్నగా,
తెగకుండా.

కొమురెల్లి కళ్ళు మూసుకున్నాడు.
"పోద్దాడు గాదు, పండుతాడు గాదు.
ఏ చెట్టుదో ఏమో గని
బాగ ఎండ తాగిందిది."

అప్పుడు చెప్పాను.
మీ దుకాణం శాంపిల్ నా బల్లమీదికి
నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది కొమురెల్లీ.
మే నెల. జీపు చెడిందన్నారు.
సీలు విప్పగానే గదంతా సిర్కా వాసన.
తాగేందుకు పనికిరాదని రాసి సంతకం పెట్టాను.
అది అబద్ధం కాదు.
నేను పరీక్షించింది మాత్రం నీ కల్లును కాదు,
ఆ నాలుగు రోజులను.

అతను చాలాసేపు గ్లాసును అరచేతుల్లో తిప్పాడు.
ఆ వేడికి వైను ఇంకొంచెం విచ్చుకున్నట్టుంది,
తేనె వాసన గాలిలోకి వచ్చింది, చెప్పకూడని సమయంలో.

"ఏడాది మూతపడ్డది దుకాణం" అన్నాడు.
"మా సత్తెమ్మ బీడీలు చుట్టింది."
అంతే. క్షమించానని అనలేదు.
నేనూ అడగలేదు.

సీసా అడుగున మడ్డి మిగిలింది.
చీకట్లో దాని రంగు కనపడలేదు,
ముక్కు దగ్గర పెడితే
ఇందాకటి ఏ వాసనా లేదు, ఇంకోటేదో ఉంది,
దానికి నా దగ్గర పేరు లేదు, రసాయనమూ లేదు.

ఆఖరి బస్సు తొమ్మిదింటికి.
లేచి, పంచె దులుపుకొని,
విరగని సగం బెండును ఏరి జేబులో వేసుకున్నాడు.
"సున్నం డబ్బి మూత పోయింది మేడమ్,
దానికి సరిపోతదేమో సూస్త."