ఇతర ఆకుకూర

లింగిచెట్టి వీధిలో మాది ఓడలకు సరుకులందించే కొట్టు.
బోర్డుకి నలభై మూడేళ్లు. దాని కింద నాకు పంతొమ్మిది.
ఓడ రేవులోకి రాకముందే దాని ఆకలి వస్తుంది,
పదకొండు పేజీలు, సన్న అక్షరాల్లో.

గుడ్లు పద్దెనిమిది వేలు.
పాలకంటే ముందు మీగడ.
పీతలు, కాళ్లు విరగనివి.
నిమ్మకాయలు ఒకే సైజు, ఒకే పసుపు.
గులాబీ రేకులు నాలుగు కిలోలు,
తినడానికేనట, ఫోన్ చేసి అడిగాను.
దిండు మీద పెట్టే చాక్లెట్లు రెండువేల ఆరొందలు,
పడుకోబోయే ముందు మనిషికొకటి,
కలలు కూడా కంపెనీ బాధ్యతే కాబోలు.

లోపల పన్నెండు భోజనశాలలట.
ఒకదాంట్లో చెంచా చప్పుడు వినబడకూడదట.
ఒకదాంట్లో వంటవాడు నిప్పుతో గారడీ చేస్తాడట.
ఒకటి అర్ధరాత్రి తెరుస్తారట,
పగలంతా తిన్నవాళ్ల కోసం.
నాకివన్నీ తెలుసు,
పెళ్లికి పిలుపు లేకపోయినా
పప్పెంత పట్టిందో చెప్పగలిగిన కిరాణావాడిలా.
గ్యాంగ్‌వే దాకానే నా పాసు.
ఆ పైన కార్పెట్ మొదలవుతుంది.

ఈసారి పదకొండో పేజీ అడుగున,
సిబ్బంది మెస్సు అనే గడిలో,
బియ్యం, కోడికాళ్లు, ఉల్లిపాయలు అన్నీ అయ్యాక
ఎవరో పెన్నుతో ఇరికించారు:
గోంగూర, ఇరవై కట్టలు.
ఇంగ్లీషు అక్షరాలే.
అయినా నాకు తెలుగులోనే వినబడింది.

మా ఓనరు కుమరేశన్ గారు
కొత్తరకం ఫినాయిలేమో కనుక్కోమన్నారు.
నేను నవ్వలేదు. నవ్వితే వివరించాలి.

తెల్లారి నాలుగింటికి కోయంబేడు.
"పుళిచ్చకీరై కోసమా ఇంత తిరుగుడు?"
లారీ డ్రైవర్ ఇరుదయం ఆవలించాడు.
ఎర్రకాడదే కావాలన్నాను.
ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.
తెల్లకాడది పులుపు దగ్గర పిరికిది.

రేవు గేటు దగ్గర తనిఖీ అమ్మాయి కట్ట విప్పింది.
వేళ్లున్నాయి. వేళ్లకి మట్టి ఉంది.
మట్టి ఓడెక్కకూడదు, అది రూలు.
పీతలు ఎక్కాయి. గులాబీలు ఎక్కాయి.
మీగడ చల్లటి బండిలో దొరసానిలా ఎక్కింది.

షెడ్డు నీడలో ఖాళీ పెట్టెలు బోర్లించుకుని
కూర్చున్నాం, నేనూ ఇరుదయం.
ఆకు సంచిలోకి, కాడ పక్కకి.
మా అమ్మ ఆకు వలుస్తూ
వీధివీధంతటికీ తీర్పులు చెప్పేది.
మేమేం మాట్లాడుకోలేదు.
తల మీద క్రేను తిరుగుతోంది.
బస్తాలకు అలవాటుపడ్డ చేతులు అతనివి,
మొదటి కట్ట మొత్తం నలిపేశాడు.
ఐదో కట్టకి నాకంటే శుభ్రం.

ఎవరై ఉంటారు?
తువ్వాళ్లతో ఏనుగులు మడిచి
మంచాల మీద నిలబెట్టే కుర్రాడా,
రాత్రంతా గిన్నెలు తోమే సోంపేట మనిషా,
లేక పై అంతస్తులో తెల్ల చేతితొడుగులతో
"ఇంకొంచెం వడ్డించమంటారా?" అని వంగే అమ్మాయా,
నోట్లో ఊరింది మింగుకుంటూ?
పేరు రాయలేదు.
సంచికి ముడి వేసే ముందు
గుప్పెడు ఎండుమిరపకాయలు పడేశాను.
అవి లిస్టులో లేవు.
వెల్లుల్లి వెయ్యలేదు,
అది మూడో పేజీలో ఉంది, నలభై కిలోలు.

సాయంత్రం ఆరున్నరకి ఓడ కదిలింది.
పదిహేను అంతస్తుల దీపాలు,
కొసన ఈతకొలను నీలం.
పాటేదో గాలికి సగం సగం తెగి వచ్చింది.
అందరూ పైకి చూస్తున్నారు.
నేను నీటిగీత దగ్గర చూశాను,
కిటికీలు లేని చోట.
అక్కడేం కనబడదు.
కనబడేటట్టు కట్టలేదు.

కొట్టుకొచ్చి బిల్లు వెయ్యబోతే
కంప్యూటర్‌లో గోంగూరకి కోడ్ లేదు.
కాసేపలా కూర్చున్నాను,
గోళ్లలో ఇంకా పులుపు.
చివరికి కొట్టాను:
ఇతర ఆకుకూర. సంచి ఒకటి.