తారీఖు మారని టేపు

కోఠి గుజరాతీ గల్లీల పదకొండు వేలన్నరు,
తొమ్మిదిన్నరకు తెగింది.
దేవరకొండ బస్సుల ఒళ్లె పెట్టుకొని కూసున్న,
మాల్ దాటేదాకా సంచి మూతి ఇప్పలే.
పక్క సీటు ముసలామె అడిగింది:
"కోడిపిల్లనా బిడ్డా?"

కొండమల్లేపల్లిల నన్ను వైండింగ్ ఈదయ్య అంటరు.
కాలిన మోటార్లకు రాగితీగ సుట్టే చేతులు నాయి,
వార్నిషు వాసన గోర్ల సందులకెల్లి పోదు.
ఈ చేతులకు ఆ సన్న మీటలు దొరకనీకె నెల పట్టింది.
ఎర్ర బొత్తం ఒత్తిన్ననుకున్నప్పుడు ఒత్తలే,
ఆపిన్ననుకున్నప్పుడు ఆపలే.
అందుకే నా మొదటి క్యాసెట్ల
పిల్ల లేదు, పిలగాడు లేడు,
అరగంట నా చెప్పులు.
చెప్పులు, పందిరి నీడ, ఎవలో ఇడిసిన ఇస్తారాకు,
మళ్ల చెప్పులు.

లోపలి గుండీ బ్యాటరీ నాకంటె ముందే సచ్చింది.
తారీఖు ఎన్నిసార్లు దిద్దినా తెల్లారేసరికి అదే,
ఒకటి, ఒకటి, రెండువేలు.
కోటమ్మ బిడ్డ లగ్గమైంది గా రోజే.
పీర్లు గుండం తొక్కినయి గా రోజే.
మా బర్రె ఈనింది, బడి గోడ కూలింది,
పెద్దబాయికాడి పోశయ్య పాడె లేసింది,
అన్నీ గా ఒక్క రోజే.
గా రాత్రి మా ఊర్ల ఎవ్వలూ పండుకోలేదనుకోవాలె.

తెర సగం కంటె ఎక్కువ తెరిస్తె తెల్లగైతది,
రబ్బరు బ్యాండు ఏసి కట్టిన.
నలభై నిమిషాలొస్తదని అమ్మినోడు ఒట్టేసిండు,
మా ఎండల పన్నెండు.
గాలి కొడితె పంతులు మంత్రం ఇనపడది,
నా దగ్గు మాత్రం మంచిగ ఇనపడతది.
ఏ లగ్గం సూసినా తలంబ్రాలప్పుడు ఎవడో దగ్గుతుంటడు.
గంతమందిల నేనున్ననని అదొక్కటే సాక్ష్యం.

ముత్యాలు చెల్కల బోరేస్తుండంటె పోయిన.
"నీళ్లు లేసినప్పుడు తియ్యి అన్నా,
అండాలుకు సూపియ్యాలె, కాన్పుకు పోయింది."
మూడో బోరు అది.
రెండొందల ఫీట్లకు తెల్ల దుమ్ము,
మూడొందలకు తెల్ల దుమ్ము,
నాలుగొందల ఇరవైకి జర బూడిద రంగు.
డ్రైవరు చెయ్యి అడ్డంగ ఊపిండు.
నా బ్యాటరీ గూడ అప్పుడే అయిపోయింది.

గా రాత్రి దుకాణంల టీవీకి తీగ పెట్టి సూసినం.
ముత్యాలు ఏమనలే.
క్యాసెట్ ఎనుకకు తిప్పుకుంట తెర బంద్ చేసుడు మర్సిన.
దుమ్ము మొగులు మీదికెల్లి దిగొచ్చి
బొక్కలకు దూరింది.
రాడ్లు ఒక్కొక్కటే భూమిలకెల్లి లేసి లారెక్కినయి.
డ్రైవరు చేతులకెల్లి నోట్లు
ముత్యాలు అంగీ జేబులకు వాపసొచ్చినయి.
లారీ ఎనుకెనుకకు పోయి
తుమ్మల అవుతల మాయమైంది.
చెల్కల గడ్డి మీద ఒక్క తొండ,
అది గూడ ఎనుకకే ఉరుకుతుంది.

ముత్యాలు నవ్విండు. కడుపు పట్టుకొని నవ్విండు.
"ఇంకోసారి ఎనుకకు తిప్పు."
ముందు నడవకుంట ఎనుకకెట్ల తిప్పుదు?
మళ్ల లారీ రావాలె గద.
"రానీ తియ్," అన్నడు.

ఇప్పుడు గా లారీ మీదనే రాడ్లు ఎక్కిస్తుండు.
మొన్న అచ్చంపేట దిక్కుకెల్లి ఫోను:
"అన్నా, ఈడ ఎవలిదో చెల్క, రెండంగుళాల నీళ్లు!
నీ డబ్బ ఉంటె అయిపోవు."
ఫోన్ల బుస్సుమని చప్పుడు. నీళ్లదో, గాలిదో.

డబ్బ నడవది. క్యాసెట్ మింగి కక్కదు.
నిన్న సన్న స్క్రూలిప్పి సూసిన,
లోపల చింతగింజంత మోటారు.
అయిదు హార్స్ పవరు, పది హార్స్ పవరు సుట్టిన చేతులు,
దాని తీగ కంటికి ఆనలే.
సుట్టుడు నాతోని గాదు.

పారెయ్యమంటది మా ఇంటామె.
కాలిన మోటార్ల వరుసల దాన్ని గూడ పెట్టిన,
గిరాకీలకు కట్టినట్టె చీటీ కట్టి.
ఓనరు కాడ ఈదయ్య అని రాసిన.
తారీఖు రాయలే.