కొసరు

మోజీ నది ఒడ్డున, జలపాతానికి దిగువన
జసింతో వల విదిలిస్తే
కురింబతా చేపలు పడవ అడుగున టపటపా కొట్టుకుంటాయి.
డజను అడిగితే పదమూడు ఇస్తాడు.
"ఇది కొసరమ్మా, లెక్కలో రాయకు."

నేను రాసేదే కొసరు లెక్క.

కిడ్నీ ముక్క నలిపి, గాజు పలక మీద చుక్క వేసి,
ఊదారంగు ఆరేదాకా కూర్చుని చూస్తే
యాభై నాలుగు క్రోమోజోములు, జతలు జతలుగా.
వాటి పక్కన నువ్వుగింజల్లా రెండో మూడో,
చేప బతకడానికి అక్కర్లేనివి.
అయినా డిసెంబరు వానలకి ఎదురీదే గుంపులో
టిక్కెట్టు కొనకుండా ఎక్కేస్తాయి, ఏటేటా.

బీరువాలో దల్వా గారి పాత పలకలు,
నేను పుట్టిన ఏడాదివి.
చీటీ మీద పెన్సిలు రాత: "సగటు ఒకటి. ఎందుకో?"
పదేళ్ళ తర్వాత: "రెండు. పెరుగుతున్నాయి!"
ఆపైన చేయి వణికిన అంకెలు,
రెండున్నర, రెండున్నర, మళ్ళీ రెండున్నర.
ఎవరు ఆపారో నదికే తెలియాలి.
రిటైరైన రోజు కూడా ఆవిడ
ఆ మొదటి ప్రశ్నార్థకం చెరపలేదు.

ఈ ఏడు నీళ్ళు తగ్గి రాళ్ళు తేలాయి.
వలలో పడినవి తొమ్మిది.
ఎనిమిదికి డబ్బు తీసుకుని
జసింతో ఒక్క క్షణం ఆగి
తొమ్మిదోది నా బకెట్లో పడేశాడు.

రాత్రి దాని కణాల్లో వెతికాను.
యాభై నాలుగు.
ఇంకో కణం. యాభై నాలుగే.
కొసరుగా వచ్చిన చేపలో కొసరు లేదు.

చీటీ మీద సున్నా చుట్టి, పక్కన
ఆవిడ ప్రశ్నార్థకాన్నే దింపుకున్నాను.