నోరెండడం

ఈ వార్డులో నోరెండిపోవడం శుభవార్త.
కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ పిల్లలకి
ముందు అదే చెప్తాను.

నాంచారమ్మని ఆటోలోంచి దించినప్పుడు
పెదాల మీద నురగ, రవికంతా మందు వాసన.
టార్చి వేస్తే కంటిపాపలు ఆవగింజలు.
బట్టలు మార్చి ఒళ్లంతా సబ్బుతో కడిగాం.
ఆ వాసన నా చేతుల్ని తొందరగా వదలదు,
ఇంటికెళ్లి పెరుగన్నం కలుపుకున్నా అదే.

తెల్లారేదాకా వెంటిలేటరు ఖాళీ లేదు.
గొట్టానికి రబ్బరు సంచి తగిలించి
తమ్ముడు పేరయ్య చేతికిచ్చాను.
నొక్కు, వదులు. నొక్కు.
గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోసే చేతులు,
మెల్లగా నొక్కడమే వాటికి కష్టం.
"నా ఊపిరితో పాటు నొక్కనా సిస్టర్?"
వద్దు నాయనా, నీది పరుగెత్తుతోంది,
గోడ గడియారం చూసి నొక్కు.

రెండింటికి కాబోలు
ఔట్‌పోస్టు కానిస్టేబులు పుస్తకం తెరిచాడు.
ఎందుకు తాగింది?
మా కేసు షీట్లో ఆ గడి లేదండీ.
నాడి ఎంత, ఊపిరెంత, అంతే.
లేచాక, చెప్పాలనిపిస్తే, ఆమే చెబుతుంది.
అతను చాలాసేపు నిలబడ్డాడు.
పేరయ్య చేతులు వణకడం చూసి
టోపీ తీసి కిటికీలో పెట్టి
"జరుగు, కాసేపు నేను నొక్కుతా" అన్నాడు.

సూది మీద సూది.
నాలుగింటికి ఛాతీలో గురగుర తగ్గింది.
ఆవగింజ పెసరగింజయింది.

రెండోనాడు ఆమె గాల్లో ఏదో కోయడం మొదలుపెట్టింది.
రెండు వేళ్లతో తుంచడం, ఒళ్లో వేసుకోవడం.
దయ్యం పట్టిందన్నారు పక్క మంచం వాళ్లు.
మిరపకాయలు కోస్తోంది,
తొడిమ ఊడకుండా.
విరుగుడు ఎక్కువైందని నాకు తెలుసు,
తగ్గించమంటారని కూడా తెలుసు.
డాక్టరమ్మకి ఫోను కలుపుతూనే
దుప్పటి అంచు ఒడిలా పట్టాను.
ఎందుకు పట్టానో అడక్కండి.
ఆ సాలు పూర్తయ్యేదాకా పట్టాను.

ఐదోనాడు గొట్టం తీశాక మొదటి మాట:
"నోరెండిపోతోంది."
నవ్వానని కోపమొచ్చింది ఆమెకి.
"తాగడానికేమన్నా ఇవ్వండి."
ఆ మాటకి పేరయ్య గోడకి జారగిలబడ్డాడు.
చెంచాతో నీళ్లు పోశాను.
గుటక దిగేదాకా ఎవరమూ కదల్లేదు.

ఇంటికి పంపేరోజు
మనసు డాక్టరు చీటీ కొంగున కట్టాను.
మంగళవారం, పదకొండో గది,
రాకపోతే నేనే ఫోను చేస్తానన్నాను.
వస్తానని అనలేదు.
గేటు దగ్గర ఆగి, ముడి విప్పి చూసుకుని,
మళ్లీ తనే వేసుకుంది.