చెక్క క్లిప్పు

బెర్గెన్‌లో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
ఊపిరి గురించి మాట్లాడతామా.
మా మేడ కింద, సెల్లార్లో,
పద్నాలుగు కుటుంబాలకి ఒకటే వాషింగ్ మెషీన్.
గోడకి చెక్కపలక, పలక నిండా మేకులు.
ఎవరి వంతు మేకుకి వాళ్ల తాళం వేలాడదీసుకోవాలి.
నాది మంగళవారం, ఐదు నుంచి ఏడు.

అక్టోబరులో మొదలైంది కంపు.
ముందు తడిసిన కుక్కలా,
తర్వాత పూలకూజాలో మరిచిపోయిన నీళ్లలా.
నవంబరుకి, ఉతికిన తువ్వాలుతో మొహం తుడుచుకుని
మళ్లీ మొహం కడుక్కోవాల్సి వచ్చింది.

ఎవరిదో నాకు తెలుసు.
మూడో అంతస్తు లైదుల్ఫ్.
సాల్మన్ చేపలు కోసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
మెట్ల మీద అతను ఎదురైతే
నా ముక్కు తనంతట తానే గోడవైపు తిరిగేది.
ముప్ఫై ఏళ్లు ఫెర్రీ రేవులో రసీదులు రాసిన చెయ్యి నాది,
ముత్యాల్లాంటి అక్షరాలు.
"పని బట్టలు దయచేసి ఇక్కడ ఉతకవద్దు"
అని రాసి మెషీన్ పైన అంటించాను.
పేరు రాయలేదు.
అతనిదీ, నాదీ.

ఆ వారం నుంచి
గురువారం మేకుకి తాళం లేదు.
అతని బాల్కనీలో నీలం బకెట్టు,
బకెట్టు మీద వంగిన వీపు,
వానలో పిండి వానలోనే ఆరేసిన బట్టలు.
నేను పరదా లాగేసుకున్నాను.

కంపు మాత్రం పోలేదు.
క్రిస్మస్ నాటికి ఇంకాస్త ముదిరింది,
లైదుల్ఫ్ లేని మెషీన్లో.

జనవరిలో వచ్చింది ఓషిల్, మేడ బాగోగులు చూసే మనిషి.
మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని
మెషీన్ మూతి చుట్టూ ఉన్న రబ్బరు పెదవిని
బొటనవేలితో వెనక్కి మడిచింది.
"టార్చి ఇలా పట్టు" అంది.
పశువుల డాక్టరు పక్కన నిలబడినట్టు పట్టాను.

మడతలో నల్లటి జిగురు.
జిగురులో ఇంగ్యెర్ద్ కవలల మేజోడు ఒకటి,
తుప్పు పట్టిన తలపిన్ను,
ఎవరింటి కుక్కదో తెల్లటి బొచ్చు.
అడుగున ఫిల్టరు విప్పితే
రెండు పళ్లేల బూడిదరంగు నీళ్లు.
తిలాపాపం తలా పిడికెడు,
అనుకుని కాస్త తేలికపడ్డాను.

అప్పుడు లాగింది సబ్బు సొరుగు.
దాని వెనక గూట్లో
తోడుకున్న పెరుగులా, మందంగా, నీలంగా,
కుళ్లిన పూల వాసనతో ఒక ముద్ద.

ఆ నీలం నాది.
ఆ సాఫ్టెనర్ కొనేది మేడంతటిలో నేనొక్కదాన్నే.
కంపు వస్తోందని రెండు మూతలు పోశాను,
కంపు పెరిగిందని మూడు.
అదీ ముప్ఫై డిగ్రీల నీళ్లలో, కరెంటు కలిసొస్తుందని.
అయ్యాక తలుపు బిగించి మరీ మూసేదాన్ని,
శుభ్రం తెలిసిన మనిషిని కదా.

ఓషిల్ ఏమీ అనలేదు.
నా చేతికి ఒక పాత టూత్‌బ్రష్ ఇచ్చింది.

తోమాను.
సొరుగు, గూడు, పెదవి మడతలు,
గోళ్ల సందుల్లోకి నా పూలే ఎక్కేదాకా.
నిమ్మ ఉప్పు పోసి, తొంభై డిగ్రీలకి తిప్పి
ఖాళీ మెషీన్‌ని ఉతికాం.
రెండు గంటలు.
లోపల బట్టలేం లేకుండా తిరుగుతుంటే
దాని చప్పుడు వేరుగా ఉంది,
ఏదో చెప్పబోయి గొంతు సవరించుకుంటున్నట్టు.

"మనుషులు నోరు తెరిస్తే కంపు,
దీనికి మూస్తే కంపు" అంటూ
ఓషిల్ తలుపు సందులో ఒక చెక్క క్లిప్పు ఇరికించి పోయింది.

కాగితం చింపేశాను.
నాలుగు మూలలా జిగురు మరకలు పోలేదు,
వాటికి నిమ్మ ఉప్పు పని చెయ్యదు.

మూడో అంతస్తు ఎక్కాను.
దారంతా కూడబలుక్కున్న మాట
అతను తలుపు తీయగానే ఎటో పోయింది.
"గురువారం మేకు ఖాళీగానే ఉంది" అన్నాను.
అతను నా గోళ్ల వైపు చూశాడు.
"తెలుసు" అన్నాడు.
తలుపు మూసుకుంది, మెల్లగానే.

రెండు గురువారాలు ఏమీ లేదు.
మూడో దానికి, పనేమీ లేకున్నా సెల్లార్లోకి దిగాను.
మెషీన్ ఆగి ఉంది, ఇంకా గోరువెచ్చగా.
తలుపు సందులో క్లిప్పు.
చెక్కది కాదు, నీలం ప్లాస్టిక్కుది,
బకెట్టు రంగుది.